ఒక్క ఓటుతో పడిపోయిన మంత్రివర్గం

మిరప, పత్తి, పొగాకు పండే మన మైదానానికి చెందినవారే టంగుటూరి ప్రకాశం పంతులు. 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రి గతించగా, తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను పోషించారు. ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఆయనను తమ వెంట రాజమండ్రి తీసుకువెళ్ళి చదివించారు. బోధనావృత్తిలో ఉన్న మేము ఈ ఘట్టాన్ని తొందరగా దాటిపోలేము. శిష్యుని భవిష్యత్తును తన ఇంటి బాధ్యతగా స్వీకరించిన గురువులు ఎందరుంటారు?

ఆ రాజమండ్రిలోనే ప్లీడరై, గత శతాబ్ది ఆరంభంలో, ముప్పై ఏళ్ళ ప్రాయంలో పురపాలక సంఘ అధ్యక్షులయ్యారు. అనంతరం ఇంగ్లండులో బారిస్టరు చదివి, మద్రాసులో పుష్కలంగా ఆర్జించారు. 1921లో ఆ వృత్తిని విడిచి, ఆర్జించినదానిని ‘స్వరాజ్య’ పత్రికకు ధారపోశారు. 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణ వేళ తుపాకుల ఎదుట ఛాతీ చూపిన సంగతి పాఠకులు ఎరిగినదే.

అంతగా తెలియనిది 1954 నాటి సంగతి. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఆయన తొలి ముఖ్యమంత్రి. మద్యనిషేధాన్ని ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సూచించగా ప్రభుత్వం అంగీకరించలేదు. ఆ వివాదంపై వచ్చిన అవిశ్వాస తీర్మానం నవంబరులో ఒక్క ఓటు ఆధిక్యంతో నెగ్గింది, మంత్రివర్గం పడిపోయింది. పక్షాల పంతాలు కూడా అందులో ఉన్నమాట నిజమే. అయినా మద్యాన్ని హరామ్‌గా ఎంచే మన ఇళ్ళలో పిల్లలకు ఈ చరిత్ర చెప్పేవారు అరుదు.

1957 మే 20న హైదరాబాదులో గతించేనాటికి ఆయనకు ఆస్తి ఏమీ మిగలలేదు. 1972లో ఒంగోలు జిల్లాకు ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు.