సుఖవ్యాధులు: పిల్లలు అడిగితే గద్దించొద్దు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పదో తరగతి పిల్లలు ప్రత్యుత్పత్తి పాఠంలో ఎయిడ్స్ గురించి చదువుతారు. ఇంట్లో అమ్మీ, అబ్బాను అడగాలంటే మాత్రం సిగ్గు, భయం.

సుఖవ్యాధులు రక్షణ లేని లైంగిక సంబంధం వల్ల సోకుతాయి. సిఫిలిస్, హెచ్‌ఐవీ తల్లి నుంచి బిడ్డకూ రావచ్చు. కలిసి తింటే హెచ్‌ఐవీ రాదు. చాలాసార్లు లక్షణాలే ఉండవు. మర్మాంగాల దగ్గర పుండు, మూత్రంలో మంట ఉంటే పరీక్షతోనే సంగతి తేలుతుంది.

సిఫిలిస్, గనేరియా, క్లమీడియా మందులతో నయమవుతాయి. గనేరియా, క్లమీడియా ముదిరితే సంతానం కలగకపోవచ్చు. హెచ్‌ఐవీకి సర్కారు దవాఖానల్లో పరీక్ష, మందులు ఉచితం.

పిల్లలకు సోకితే తిట్టొద్దు. ఎవరైనా వేధించి ఉండొచ్చు. అలాంటప్పుడు 1098కి, హెచ్‌ఐవీ సందేహాలకు 1097కి ఫోన్ చేయొచ్చు. హయా అంటే రోగం దాచుకోవడం కాదు.