పెరటి నీటికి లెక్క

శ్రీకాకుళం జిల్లాలో ఏ పల్లెకైనా వెళ్లి పెరటి వైపు చూడండి. స్నానం చేసిన నీరు, అంట్లు తోమిన నీరు చాలా ఇళ్ల వెనుక మడుగు కడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో చిరకాలంగా ఉన్న బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ ఇలాంటి మురికి నీటిలోనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు రెక్కల దోమ కావడానికి వెచ్చని రోజుల్లో వారం, పది రోజులు చాలు.

మరుగుదొడ్డి నీరు కలవని ఈ నీటిని గ్రే వాటర్ అంటారు. దీనిని చెట్లకు పారించవచ్చు, ఇంకుడు గుంటలోకి పంపవచ్చు. ఎన్ని చెట్లకు? ఎంత గుంట? కొలిస్తేనే తెలుస్తుంది.

ముందు పరిమాణం. మీ బకెట్‌లో ఎన్ని లీటర్లు పడతాయో లీటరు సీసాతో పోసి చూడండి. స్నానాలకు, బట్టలకు, అంట్లకు రోజూ ఎన్ని బకెట్లు వాడారో విడివిడిగా రాయండి. బట్టలు ఉతికే రోజూ, ఉతకని రోజూ ఒకటి కావు గదా! అందుచేత వారం రోజులు రాసి, మొత్తాన్ని 7 చేత భాగించండి.

నలుగురున్న ఇంట్లో 15 లీటర్ల బకెట్లు స్నానాలకు 6, బట్టలకు 3, అంట్లకు 2 అనుకొందాం. మొత్తం 11 బకెట్లు, అంటే 165 లీటర్లు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలని లక్ష్యం పెట్టుకొంది. ఆ లెక్కన నలుగురికి 220 లీటర్లు. అందులో ముప్పాతిక వంతు పెరట్లోకే పోతుందన్నమాట! ఘనమీటరు గుంటలో 1,000 లీటర్లు పడతాయి. నేల నీటిని పీల్చకపోతే అది ఏడవ రోజుకే పొర్లుతుంది. ఇసుక నేల త్వరగా పీలుస్తుంది, బంకమట్టి నెమ్మదిగా పీలుస్తుంది. అడుగు లోతు గుంట తవ్వి, నీరు పోసి, ఎంతసేపటికి ఇంకిందో గడియారంతో చూడండి.

ఇక నాణ్యత. మూడు రకాల నీటినీ మూడు గాజు గ్లాసులలో పట్టండి.

1. గ్లాసు కింద అచ్చు కాగితం పెట్టి, కొద్దికొద్దిగా నీరు పోయండి. ఎన్ని సెంటీమీటర్ల ఎత్తుకు అక్షరాలు కనబడకుండా పోయాయో కొలవండి. ఎత్తు తగ్గేకొద్దీ మురికి ఎక్కువ.

2. పసుపు నీటిలో ముంచి ఆరబెట్టిన కాగితాన్ని తడపండి. ఎర్రబడితే నీటిలో క్షారం ఎక్కువ. సబ్బు నీటిలో ఇది సాధారణం.

3. ఒక గంట కదపకుండా ఉంచి, అడుగున మడ్డిని, పైన తేలిన జిడ్డును చూడండి.

మీ పట్టికలో ఒక వింత కనబడవచ్చు. అంట్ల నీరు కొలతలో తక్కువైనా, జిడ్డులో, మెతుకులలో ఎక్కువ. జిడ్డు మట్టిలోని సందులను మూసివేస్తుంది. కాబట్టి ఆ నీటిని ముందుగా కంకర, ఇసుక పొరల గుండా వడకట్టాలి.

తేటగా ఉన్న నీరంతా శుభ్రమైనది కాదు. రోగక్రిములు కంటికి కనబడవు. మురికిని తినే సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకొన్నాయో ప్రయోగశాలలో 27 డిగ్రీల సెంటిగ్రేడ్ వద్ద 3 రోజులు ఉంచి కొలుస్తారు. ఆక్సిజన్ అయిపోతే నీరు కంపు కొడుతుంది. అందుకే గ్రే వాటర్‌ను నిలవ ఉంచకండి. ఏ రోజు నీటిని ఆ రోజే అరటి, కొబ్బరి మొదళ్లకు పారించండి. పచ్చిగా తినే కూరల మీద పోయకండి. పరీక్షలు ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ నీటినీ లెక్కలో రాయడం మరవకండి!