చిన్న బొమ్మకు రంగులు వేయుట

వెండితెరపై కనిపించిన పాత్రల చిన్న బొమ్మలను కొని, రంగులు వేసి, అలమారలో నిలుపుట నేడు పెక్కు దేశములలో ఒక వేడుకయైనది. ఇది వట్టి ఆటవలె తోచును గాని, ఓర్పును, నిదానించి చూచుటను నేర్పు పని. దీనిని తెలియజేయుటకు ఎల్లరు నెఱిగిన చార్లీ చాప్లిను దేశదిమ్మరి పాత్రను తీసికొనుచున్నాను.

ఈ పాత్ర 1914వ సంవత్సరమున మొదట తెరకెక్కెను. వదులు పంట్లాము, బిగుతు కోటు, చిన్న టోపీ, పెద్ద బూట్లు, వెదురు చేతికఱ్ఱ, ఇట్లు ఒకదానితో నొకటి పొసగని వేషమును చాప్లిను కోరియే కూర్చుకొనెను. అప్పటి కాతడు 24 ఏండ్లవాడు. వయస్సు హెచ్చుగా కనబడుటకే ఆ చిన్న మీసము.

మా తరగతి బాలుడొకడు ఇట్టి రెండంగుళముల బొమ్మకు నిగనిగలాడు నల్లరంగును చిక్కగా పూసి, మురియుచు తెచ్చెను. బొత్తాములు పూడిపోయినవి; కన్నులు రెండు మచ్చలైనవి; బీద బాటసారి పెండ్లికొడుకైనాడు. తోడివారు నవ్విరి. బాలుడు కన్నీరు దాచుకొనెను. “రంగు తీసి మరల ప్రారంభింతము” అంటిని. తొలిపూత లేనందున ఆ రంగు సబ్బునీటిలో నాని, పాత పండ్లకుంచెతో తోమగానే పెచ్చులుగా ఊడివచ్చెను.

కాబట్టి మొదటి పాఠము తొలిపూత. బొమ్మను కడిగి, ఆరబెట్టి, ప్రైమరు అను పలుచని పూత వేసిన గాని పైరంగు గట్టిగా పట్టుకొనదు. మన కొండపల్లి పనివారును పొణికి కఱ్ఱ బొమ్మకు సున్నపు పూత వేసిన పిదపనే రంగులు దిద్దుదురు. రెండవ పాఠము, నీటితో పలుచన చేసిన ఆక్రిలిక్ రంగును, ఒక పూత ఆరిన తరువాత మఱియొకటిగా వేయుట.

ఇక రంగుల నిర్ణయము. ఆ చిత్రములు నలుపు తెలుపులవి. తెరపై చూచినట్లే బొమ్మనంతయు బూడిదవన్నెలలో దిద్దవచ్చును. లేదా సహజవర్ణములు వేయవచ్చును. మేము రెండవ మార్గము నెన్నుకొంటిమి. ముందు ముఖము, పిదప దుస్తులు. కంటిపాప పైఱెప్పను తాకునట్లుండవలెను. లేనిచో బెదరిన చూపగును. కోటునకు అచ్చపు నలుపు తగదు. అంతకంటె ముదురు నీడను చూపుటకు వీలుండదు. కావున నీలము కొంచెము కలిపిన ముదురు బూడిదవన్నె వేసితిమి.

పెద్ద దేహముపై వెలుతురే మడతలకు నీడలను కల్పించును. చిన్న బొమ్మపై ఆ నీడలు చాలవు గనుక మనమే వేయవలెను. నీళ్లవలె పలుచనైన నల్లరంగు పల్లములలోనికి జారి నీడయగును. కుంచెను గుడ్డతో తుడిచి, దాదాపు పొడిగా, మిట్టలపై లేతవన్నెను రాచినచో వెలుగగును. మోచేతులు, మోకాళ్లు వెలిసినట్లును, బూట్ల కొనలు దుమ్ము పట్టినట్లును దిద్దితిమి. అయినను మెడపట్టీకి మరక తగులనీయలేదు. ఏలయన ఈ బీదవాడు తన మర్యాదను విడిచినవాడు కాడు.

తుదకు మెఱుగులేని వార్నీషు పూసి, బొమ్మను చిన్న కఱ్ఱపీఠముపై నిలిపితిమి. 1931వ సంవత్సరపు ‘సిటీ లైట్స్’ అను చిత్రమున, గ్రుడ్డిదైన పూలమ్ము పిల్ల ఇతనిని ధనికుడని తలచును. చూపు వచ్చిన పిదప, చేతిని తాకి అతనిని గుర్తించును. అది తలచుకొని బాలుడు పీఠముపై నొక చిన్న పూవును చేసి ఉంచెను.

ప్రదర్శించునపుడు బొమ్మ చూచువారి కంటి ఎత్తున నుండవలెను. ఎండ తగిలిన రంగులు వెలియును. దుమ్ము పడిన మడతలు మాయును. కావున కిటికీకి దూరముగా, అద్దపు పెట్టెలో ఉంచి, పాత్ర పేరు, చిత్రము పేరు, సంవత్సరము చీటీపై వ్రాయవలెను.

రెండవమాఱు ఆ బొమ్మను చూచి ఎవ్వరును నవ్వలేదు. దాని ముఖమును చూచుటకు ఒక్కొక్కరే వంగి దగ్గఱకు వచ్చిరి. బీదవానిని సరిగా చిత్రింపదలచినవాడు మొదట వానిని గౌరవముతో చూడవలెనని ఆ బాలునితోపాటు నేనును నేర్చుకొంటిని.