చీటీలు నాలుగు, సంచి ఒక్కటి

బీపీకి రాసింది ఒక డాక్టరు. థైరాయిడ్‌కి ఇంకొకరు. మోకాళ్ళకి ఎముకల డాక్టరు రాసిన చీటీ ఏనాటిదో. అది చూపిస్తే మందుల షాపతను ఇప్పటికీ స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేస్తాడు. ఏ మందు దేనికని అడిగితే, ‘తెల్లది పరగడుపున, ఎర్రది రాత్రికి’ అంటుంది అమ్మ. విడివిడిగా చూస్తే ఏ చీటీలోనూ తప్పుండకపోవచ్చు. కానీ రాసినవాళ్ళెవరూ మిగతా చీటీలు చూడలేదు. అవన్నీ కలిసేది అమ్మ ఒంట్లోనే.

టెల్మిసార్టాన్, ఒంట్లో నీరు తీసే హైడ్రోక్లోరోథయజైడ్ కలిపి ఒకే బీపీ బిళ్ళగా వస్తాయి. దానికి మోకాళ్ళ కోసం డైక్లోఫెనాక్ తోడైందనుకోండి. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే చోటుని ఓ చిన్న చెరువనుకుంటే, నొప్పి బిళ్ళ నీళ్ళొచ్చే తూముని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ నీళ్ళు పోయే తూముని వదులు చేస్తుంది. నీరు తీసే మందు కాలువలో నీటినే తగ్గిస్తుంది. ఇక వడగట్టే ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ పైన ఎండాకాలం, నాలుగు విరేచనాలు... పెద్ద వయసువాళ్ళలో క్రియాటినిన్ పెరగడానికి ఈ మాత్రం చాలు. ఇంట్లోవాళ్ళు మాత్రం వడదెబ్బ అనుకుంటారు.

షుగర్‌కి గ్లిమెపిరైడ్ వేసుకునేవారు తామరకని ఫ్లూకోనజోల్ మింగితే మరో చిక్కు. గ్లిమెపిరైడ్‌ని విరిచి బయటికి పంపే లివర్ పనికి ఫ్లూకోనజోల్ అడ్డుపడుతుంది. నిన్నటిదాకా సరిపోయిన మోతాదే ఇవాళ ఎక్కువవుతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. నీరసమని పడుకోబెడితే ప్రాణం మీదికొస్తుంది. గుండెకి కృత్రిమ వాల్వు ఉండి వార్ఫరిన్ వాడేవారికి మెట్రోనిడజోల్‌తోనూ ఇలాంటి గండమే. రక్తం గడ్డకట్టడం మరీ తగ్గిపోయి చిగుళ్ళ నుంచీ, ఒక్కోసారి కడుపులోనూ రక్తం కారుతుంది.

అన్ని కలయికలూ ఇంత ప్రమాదమేం కాదు. థైరాయిడ్ బిళ్ళకీ కాల్షియం బిళ్ళకీ నాలుగు గంటల ఎడం ఇస్తే సరిపోతుంది. పేరు మారితే మందు మారిందనుకోవడం ఇంకో పొరపాటు. డోలో, కాల్‌పాల్ రెండూ పారాసిటమాలే.

తప్పు డాక్టర్లదేనా? నిమిషాల్లో ఓపీ తేల్చాల్సిన మనిషి ముందు మనం పెట్టేది ఒక్క చీటీ. నొప్పుల బిళ్ళ సంగతి చెప్పం. అది మందుల లెక్కలోకి రాదని మన నమ్మకం. నా గట్టి ఫిర్యాదు మందుల షాపు మీదే. ఒక మందు ఇంకోదానితో పడుతుందా, ఒకే మందు రెండుసార్లు రాశారా అన్నది ఫార్మసిస్టు చూడాలని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. చాలా షాపుల్లో ఆ ఫార్మసిస్టు గోడ మీది సర్టిఫికెట్‌లోనే కనిపిస్తాడు.

ఈసారి ఓపీకి వెళ్ళేటప్పుడు చీటీలతో పాటు సంచి మొత్తం పట్టుకెళ్ళండి. ఆయుర్వేదం పొడి ఉంటే అదీ వేయండి. ఇది చదివి భయపడి ఏ బిళ్ళా మీ అంతట మీరు మానేయకండి, ముఖ్యంగా వార్ఫరిన్. మందు వికటించిందనిపిస్తే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ తర్వాత 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పండి. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే హెల్ప్‌లైన్ అది. ఫోన్ ఉచితం, డాక్టర్లే కాదు, మామూలు జనమూ చెయ్యొచ్చు.