కణానికి లైట్ కొట్టి, అది వదిలిన ఎలక్ట్రాన్లతో ఫొటో తీస్తే?

ఈ ఎపిసోడ్‌లో ఒక వింత కెమెరా గురించి మాట్లాడుకుందాం. దాని పేరు ఫొటోఎలక్ట్రాన్ మైక్రోస్కోప్.

ముందు మీ చేతిలో ఉన్న ఫోన్ సంగతి చూద్దాం. ఫొటో తీసినప్పుడు వస్తువు మీద పడ్డ వెలుతురు తిరిగొచ్చి, లెన్స్ లోంచి సెన్సార్ మీద పడుతుంది. అక్కడ సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. ఎక్కడ ఎన్ని వచ్చాయో లెక్కేసి ఫోన్ బొమ్మ తయారు చేస్తుంది. అంటే వెలుతురు ఎలక్ట్రాన్‌గా మారే పని సెన్సార్‌లో జరుగుతోంది. ఈ మైక్రోస్కోప్‌లో ఆ పని వస్తువు మీదే జరుగుతుంది. కణం మీద అల్ట్రావయొలెట్ లైట్ కొడతారు, కణం పైపొరే ఎలక్ట్రాన్లని వదులుతుంది, వాటితోనే బొమ్మ వస్తుంది.

ఇది ఇంటర్‌లో చదివిన ఫొటోఎలక్ట్రిక్ ఎఫెక్టే. 1887లో హెర్ట్జ్ దాన్ని గమనించాడు, 1905లో ఐన్‌స్టీన్ వివరించాడు. 1921 నోబెల్ ఆయనకి వచ్చింది ప్రధానంగా దీనికే, రిలేటివిటీకి కాదు. అసలు పాయింట్ ఏంటంటే, కొబ్బరికాయని వేలితో వందసార్లు తట్టినా పగలదు, ఒక్క గట్టి దెబ్బ పడాలి. ఇక్కడా అంతే. ఒక్కో ఫోటాన్‌కి సరిపడా శక్తి ఉండాలి. కంటికి కనిపించే ఊదా రంగు ఫోటాన్‌కి సుమారు 3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. ప్రోటీన్లు, కొవ్వుల లాంటి వాటినుంచి ఎలక్ట్రాన్ బయటికి రావాలంటే అది చాలదు. 200 నానోమీటర్ల అల్ట్రావయొలెట్‌కి వెళ్తే 6.2 ఎలక్ట్రాన్ వోల్టులు దొరుకుతాయి. అప్పుడు పని మొదలవుతుంది.

బయటికొచ్చిన ఎలక్ట్రాన్లు చాలా నెమ్మదిగా, తలో దిక్కుకి పోతుంటాయి. వాటిని వేల వోల్టులతో ముందుకి లాగి, ఎలక్ట్రాన్ లెన్సులతో పెద్దది చేసి స్క్రీన్ మీద వేస్తారు. దారిలో గాలి అడ్డం రాకూడదు కాబట్టి ఇదంతా వాక్యూమ్‌లోనే.

మరి స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉండగా ఇదెందుకు? ఆ మెషీన్‌లో బయటి నుంచి ఎలక్ట్రాన్ కిరణాన్ని పంపి చుక్క చుక్కగా తడుముతారు. కణం కరెంటుని సరిగ్గా మోయదు కాబట్టి, మామూలుగా ముందు దాని మీద బంగారం లాంటి లోహాన్ని పల్చగా పూస్తారు. అంటే మనం చూసేది ఎక్కువగా పూత ఆకారాన్ని. ఫొటోఎలక్ట్రాన్ పద్ధతిలో పూత వేస్తే చూడాల్సిందే మూసుకుపోతుంది, అందుకే కణం పైభాగాన్ని అలాగే వదిలేస్తారు. పైగా ఎలక్ట్రాన్లు తప్పించుకు రాగలిగేది పైనున్న కొన్ని నానోమీటర్ల నుంచి మాత్రమే. కణ త్వచం మందమే సుమారు 7, 8 నానోమీటర్లు. మన గోరు ఒక సెకనులో పెరిగేది దాదాపు 1 నానోమీటర్. అంత పల్చటి పొర నుంచి వచ్చే బొమ్మ ఇది.

దీన్ని జీవశాస్త్రానికి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు అమెరికాలోని ఒరెగాన్ యూనివర్సిటీకి చెందిన హేస్ గ్రిఫిత్. 1972లో ఆయన బృందం సేంద్రియ, జీవ ఉపరితలాలని ఇలా చూడొచ్చని పేపర్ వేసింది. ఒక ప్రత్యేకమైన ప్రోటీన్ ఎక్కడుందో తెలియాలంటే వాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంది. ఆ ప్రోటీన్‌కి మాత్రమే అతుక్కునే యాంటీబాడీకి బంగారు రేణువుని తగిలిస్తారు. బంగారం కణం కంటే సులువుగా ఎలక్ట్రాన్లని వదులుతుంది. చీకటి పొలంలో మిణుగురుల్లా ఆ చోట్లు మెరుస్తాయి.

ఇందులో నాకు బాగా నచ్చిన మనిషి గెర్ట్రూడ్ రెంప్ఫర్. పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ ఫిజిసిస్ట్, 1912లో పుట్టారు. మామూలు గుండ్రటి ఎలక్ట్రాన్ లెన్సులు బొమ్మని కొంత మసక చేసి తీరతాయని 1936లోనే ఒట్టో షెర్జర్ నిరూపించాడు. ఆవిడ ఎలక్ట్రాన్లని వెనక్కి తిప్పే అద్దం వాడారు. లెన్స్ ఒకవైపు చేసే తప్పుని, అద్దం వ్యతిరేకంగా తప్పు చేసి సరిచేస్తుంది. మామూలుగా రిటైరయ్యే వయసు దాటాక కూడా ఆవిడ ఈ పని చేశారు.

ఇక లిమిట్స్ కూడా ఓపెన్‌గా చెప్పుకోవాలి. వాక్యూమ్‌లో బతికున్న కణాన్ని చూడలేం. రసాయనాలతో దాన్ని స్థిరపరచి, ఆరబెట్టాలి. ఉపరితలం మరీ ఎగుడుదిగుడుగా ఉంటే విద్యుత్ క్షేత్రం వంగి బొమ్మ తేడా కొడుతుంది. అందుకే బయాలజీ ల్యాబుల్లో ఇది స్కానింగ్ మైక్రోస్కోప్ అంత మామూలు పరికరం కాలేదు. కానీ ఐడియా ఆగిపోలేదు. అల్ట్రావయొలెట్ బదులు సింక్రోట్రాన్ ఎక్స్‌రేలు వాడితే ఏ చోట ఏ మూలకం ఉందో కూడా తెలుస్తుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీలో పూపా గిల్బర్ట్ బృందం ఆల్చిప్ప లోపలి మెరిసే పొరలో స్ఫటికాలు ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయో ఇలాగే చూసింది.

ఇంత చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది. మన ఫీడ్‌లో రంగురంగుల వైరస్‌లు, కణాల బొమ్మలు "రియల్ ఫొటో" అని తిరుగుతుంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఇచ్చేది నలుపు తెలుపు బొమ్మే, రంగులు మామూలుగా తర్వాత వేసినవి. ఫొటోఎలక్ట్రాన్ బొమ్మలో తెల్లగా మెరిసే చోటు అంటే అక్కడ వెలుతురు ఎక్కువని కాదు. అక్కడి పదార్థం ఎలక్ట్రాన్లని సులువుగా వదిలిందని, లేదా ఆకారం వల్ల ఎక్కువ ఎలక్ట్రాన్లు లెన్స్ వరకు చేరాయని అర్థం. ఒక్కోసారి మెరిసేది కణమే కాదు, మనం తగిలించిన బంగారం. రేపు రిపోర్టులో మీ స్కాన్ వచ్చినా, వాట్సాప్‌లో ఫార్వర్డ్ వచ్చినా, తెల్లగా ఉన్నది మంచిదా చెడ్డదా అని కంగారుపడే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ బొమ్మలో తెలుపు దేన్ని కొలుస్తోంది?

మీకు తెలిసిన అలాంటి బొమ్మ ఏదైనా ఉంటే కామెంట్లో పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో కలిసి చదువుదాం. ఉంటాను మరి.