బాట మీది ధూళి – నీటిలోని ప్రాణి

‘తీర్థం’ అనే మాటకు పుణ్యజలమనీ, ఆ జలంలోనికి దిగే రేవు అనీ అర్థాలున్నాయి. మన పెద్దలు నీటి ఒడ్డున ఆలయాలను నిలిపి, నీటిని కూడా పూజనీయంగానే భావించారు. మాచర్లలో శ్రీ లక్ష్మీ చెన్నకేశవస్వామి చంద్రవంక తీరాన కొలువై ఉన్నాడు. ఆ చంద్రవంక మరి రెండు వాగులతో కలిసి, ఎత్తిపోతల వద్ద సుమారు 70 అడుగుల ఎత్తునుండి దుమికి, కృష్ణమ్మను చేరుతుంది. ఇటువంటి వాగులను, చెరువులను నమ్ముకొని చేపలు, కప్పలు, నత్తలు, తూనీగ పిల్లలు జీవిస్తున్నాయి. మన బాటలనుండి వాటికి చేరే హాని ఎట్టిదో తెలుసుకొనుట అవసరం.

వాహన కాలుష్యమనగానే మనకు పొగ స్ఫురిస్తుంది. పొగతో సంబంధంలేని మాలిన్యం మరొకటి ఉన్నది. నడిచినకొద్దీ టైరు అరుగుతుంది. బ్రేకు వేసినప్పుడల్లా లైనింగు అరుగుతుంది. ఇంజనునుండి ఆయిలు బొట్లుబొట్లుగా కారుతుంది. అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారిపై నరసరావుపేట, పిడుగురాళ్ళ, దాచేపల్లి మీదుగా సాగే లారీలు ఎంత బరువు మోస్తే టైర్లు అంతగా అరుగుతాయి. వేసవి అంతా ఆ పొడి బాటపైనా, బాట అంచులలోనూ పేరుకొంటుంది. తొలకరి జల్లు దానిని కడిగి, పక్క కాలువ గుండా వాగుకో చెరువుకో చేరుస్తుంది. అందుచేతనే బాటపైనుండి పారే మొదటి వాననీరు సాధారణంగా మిక్కిలి మలినమై ఉంటుంది.

నీటిపై పరచుకొన్న ఆయిలు పొర గాలిలోని ప్రాణవాయువు నీటిలో కరగకుండా అడ్డుపడుతుంది. పైకి వచ్చి శ్వాసించే నీటిపురుగులకు ఊపిరాడదు. ఆయిలులోని కొన్ని విషపదార్థాలు అడుగు బురదలో చేరి, చాలాకాలం నిలిచి, అక్కడ మేసే నత్తలకూ పురుగులకూ హాని చేస్తాయి. బ్రేకు పొడిలోని రాగి లీటరు నీటిలో కొద్ది మైక్రోగ్రాములు ఉన్నా, వాసన పసిగట్టే శక్తి మందగిస్తుందని సాల్మన్ చేపలపై జరిగిన పరిశోధనలు తెలిపాయి. మేతను వెదకుటకు, శత్రువు రాకను గుర్తించుటకు చేపకు వాసనే ఆధారం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం బ్రేకులలో రాగిని తగ్గించేందుకు 2010లో చట్టమే చేసింది.

టైరు కథ మరింత ఆశ్చర్యకరం. అదే రాష్ట్రంలోని సియాటిల్ పరిసరాల వాగులకు గుడ్లు పెట్టుటకై సముద్రంనుండి తిరిగివచ్చే కోహో సాల్మన్ చేపలు, వాన కురిసిన కొద్ది గంటలలోనే చనిపోతూ ఉండేవి. ఏళ్ళ తరబడి శోధించిన శాస్త్రజ్ఞులు 2020 డిసెంబరులో కారణాన్ని ప్రకటించారు. రబ్బరు పగుళ్ళు బారకుండా టైర్లలో కలిపే సిక్స్‌పీపీడీ అనే రసాయనం, గాలిలోని ఓజోన్‌తో కలిసి మరొక పదార్థంగా మారుతుంది. ఆ పదార్థమే చేపలకు విషమైనది. అయితే చమ్ సాల్మన్ అనే మరొక జాతి దానిని తట్టుకొన్నది. కనుక ఒక జాతి చేప బతికి ఉన్నంత మాత్రాన ఆ నీరు సర్వప్రాణులకూ క్షేమమని భావించరాదు.

పల్నాటిలో ఈ విషయం మనుషులకూ సంబంధించినదే. నాగార్జునసాగర్ కుడికాలువ నీటిని చెరువులలో నింపుకొని, వేసవిలో తాగే ఊళ్ళు ఇక్కడ ఉన్నాయి. అటువంటి చెరువులోనికి ట్రాక్టరునో లారీనో దించి కడిగితే, వాన కోసం వేచి ఉండవలసిన మాలిన్యం ఆ క్షణాననే నీట కలుస్తుంది. సబ్బునీరు దానికి తోడవుతుంది.

నివారణ మన చేతిలోనిదే. వాహనపూజకు ముందు బండిని కోనేటికీ కాలువకూ దూరంగా, మట్టినేలపై కడగాలి. మార్చిన ఆయిలును కాలువలో పారబోయక, డబ్బాలో పట్టి, పాత ఆయిలు కొనేవారికి ఇవ్వాలి. టైర్లలో గాలి సరిగా ఉంచి, నిదానంగా నడిపితే అరుగుదల తగ్గుతుంది. బాటకూ చెరువుకూ నడుమ పెరిగే గడ్డిని, జమ్మును పూర్తిగా కొట్టివేయరాదు. అవి వాననీటి వేగాన్ని తగ్గించి, పొడిని చాలావరకు అక్కడే నిలుపుతాయి. కోటప్పకొండ తిరునాళ్ళకు విడివిడిగా కార్లలో కాక బస్సులో కలిసి వెళితే, కొండదారిపై అరిగే టైర్లూ బ్రేకులూ తగ్గుతాయి.

కోనేటి నీటిని భక్తితో శిరసున చల్లుకొనే మనం, ఆ నీరే చేపకు ఇల్లనీ, ఊపిరనీ మరువరాదు. దానిని కాపాడుట కూడా భగవత్సేవయే.