ఫోన్ తెరకెక్కిన ఒత్తు

ఉప్పాడ అనే తీరపు ఊరి పేరు రాయడానికి మనకు మూడక్షరాలు చాలు. ఫోన్‌కు మాత్రం ఆరు సంకేతాలు కావాలి: ఉ, ప, పొల్లు, మరో ప, దీర్ఘం, డ. యూనికోడ్ 1991లో తెలుగుకు 128 గళ్లు కేటాయించింది గానీ, వాటిలో ‘ప్పా’కు గడి లేదు. రెండో పకారాన్ని ఒత్తుగా మార్చి, దాని వెనకాల వచ్చిన దీర్ఘాన్ని ముందున్న పకారానికి తగిలించడం అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్ పని. మొబైల్ బ్రౌజర్ కథను మన వైపు నుంచి చెప్పాలంటే ఈ ఒత్తు దగ్గరే మొదలుపెట్టాలి.

తొలినాటి ఫోన్లకు మామూలు వెబ్ పేజీ తెరిచే శక్తి లేదు. వాటికోసం 1998లో వ్యాప్ అనే ప్రమాణం వచ్చింది. దాని భాష డబ్ల్యూఎంఎల్‌లో ఒక్కో తెరను కార్డు అనీ, కొన్ని కలిస్తే డెక్ అనీ అన్నారు, అచ్చం పేకాటలోలాగే. 2002లో వ్యాప్ 2.0 వెబ్ పేజీల భాష ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ వైపు మళ్లింది. వీటివల్ల తెలుగు పాఠకుడికి ఒరిగింది తక్కువ. ఏ ప్రమాణం పాటించినా, ఫోన్‌లో తెలుగు ఫాంటు లేకపోతే కనిపించేవి డబ్బాలే.

దారి చూపింది ఒపెరా మినీ. 2006లో ప్రపంచమంతటికీ అందిన ఈ బ్రౌజర్‌లో పేజీని ఫోన్ తెరిచేది కాదు. ఒపెరా సర్వరే తెరిచి, కుదించి పంపేది. చిరునామా గడిలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని కొడితే ఒక మరుగు పేజీ వచ్చేది. అందులో సంక్లిష్ట లిపులను బొమ్మలుగా పంపమనే వీలుండేది. ‘అవును’ అంటే చాలు, ఒత్తులూ గుణింతాలూ సర్వరు దగ్గరే అతుక్కుని బొమ్మగా దిగేవి. డేటా కాస్త ఎక్కువ ఖర్చయ్యేది. ప్రమాణాల లెక్కన ఇది దొడ్డిదారే. అయినా చవక ఫోన్‌లో తెలుగు చదివించిన ఘనత దానికివ్వాల్సిందే.

తర్వాత రాజమార్గం పడింది. 2012 డిసెంబరులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన వోఫ్ అనే ఫాంటు ప్రమాణంతో ఫాంటు పేజీతోపాటే దిగుతోంది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఒత్తులు కూర్చేది హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్. యాపిల్‌ది వేరే ఏర్పాటు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’, మధ్యలో కంటికి కనపడని ఒక విడదీత గుర్తుతో కలిసి, ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. అదే నెల 19న ఐఓఎస్ 11.2.6తో మరమ్మతు చేశారు.

ఉప్పాడలో ఈ ఒత్తుల గొడవ ఊసుపోక చెప్పుకునే సంగతి కాదు. చేపలు దొరికే చోట్ల గురించి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనలు తెలుగులోనూ వస్తాయి. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఇక్కడి జాందానీ చీరలకు ఫోన్ కూడా ఒక దుకాణమే. విచిత్రమేమిటంటే, దారి బాగుపడ్డాక కూడా ధరనూ వివరాన్నీ ఫొటో మీదే అచ్చుకొట్టి పంపేవాళ్లున్నారు. ఆ అక్షరాలు మామూలు వెతుకులాటకు చిక్కవు. చూపులేనివారికి ఫోన్ వాటిని సరిగా చదివి వినిపిస్తుందన్న భరోసా లేదు. ఒపెరా మినీ అయితే గత్యంతరం లేక బొమ్మ పంపింది.